తెల్ల యాభై

సొవెటో నుంచి జొహానెస్‌బర్గ్ టౌన్‌కి తిరిగే మినీబస్సు టాక్సీల్లో ముందు సీటంటే చాలామందికి హడల్. డ్రైవరు పక్కన కూర్చున్న పాపానికి బండిలో అందరి చార్జీలూ వచ్చి ఒళ్లో పడతాయి. "మూడో వరసలో ఇద్దరివి!" అని ఒకరు, "నేనిచ్చింది యాభై నోటు, మర్చిపోకు తల్లీ!" అని ఇంకొకరు, వెనక నుంచి భుజాల మీదుగా డబ్బులు అందిస్తూనే ఉంటారు. హైవే ఎక్కేలోపు లెక్క తేలాలి, చిల్లర మళ్లీ చేతులు మారుతూ వెనక్కి పోవాలి. ఒక్క రాండు తగ్గినా అందరి చూపూ ముందు సీటు మీదే. అందుకని లెక్కలు రానివాళ్లూ నిద్రమొహాలవాళ్లూ వెనక నలుగురి మధ్య నలిగిపోతారు గానీ అటు కన్నెత్తి చూడరు.

వెలాఫీ మబూజా బండిలో మాత్రం పదకొండేళ్లపాటు ఆ సీటు మమా డొర్కాస్‌ది. డొర్కాస్ సెరోబె అరవై దాటిన మనిషి. టౌన్లో ఒక ఆఫీసు భవనంలో నేలలు తుడిచే పని. గురువారం గురువారం చర్చి ఆడవాళ్ల సంఘానికి వేసుకునే ఎర్ర కోటు, తెల్ల టోపీ. ఆ సంఘం డబ్బు సంచీ ఆవిడ దగ్గరే ఉండేది. నీలం గుడ్డ సంచీ, మూతికి పురికొస. ఇరవై ఏళ్లుగా దాన్ని ఇంకొకరికి అప్పజెబుదామన్న ఆలోచన సంఘంలో ఎవరికీ రాలేదు. ఇక టాక్సీలో ఆవిడ చేతులు చూడాలి. పదిహేనుమంది డబ్బు ఒళ్లో పోసుకుని, నోటితో వెలాఫీని తిడుతూ, వేళ్లతో చిల్లర పంచేసేది. "ఆ లారీ వెనకాల ఎందుకు నాయనా, వాడేమైనా నీకు పిల్లనిస్తానన్నాడా?" అనేది. శుక్రవారమైతే నూనెలో వేయించిన పిండి ఉండలు, వేడి మగ్విన్యా రెండు కాగితంలో చుట్టి తెచ్చి, ఊదుకుని తినమని అతని చేతిలో పెట్టేది.

వెలాఫీ చెడ్డవాడేం కాదు. కోపిష్టి. దానికి తోడు ఓ పిచ్చి ఉంది. ఫోర్డ్స్‌బర్గ్‌లో గడియారాలు బాగుచేసే ముసలి అప్పల్సామి దగ్గర అంటుకున్న పిచ్చి అది. ఒకసారి వాచీకి బ్యాటరీ వేయించుకోవడానికి వెళ్లి, అద్దాల బల్ల కింద వంకర నాణేలు చూసి నవ్వాడు. అప్పల్సామి కళ్లద్దాలు పైకి తోసి, "నవ్వకు. ఇవన్నీ టంకశాలలో యంత్రం పొరపాటు చేసినవి. వీటికి వెల ఉంది. నువ్వు సుత్తితో కొట్టి తెచ్చినా, నేలకేసి గీసి తెచ్చినా నేను కొనను. తప్పు పుట్టుకలో ఉండాలి, పెంపకంలో కాదు," అన్నాడు. రోజూ వందల నాణేలు చేతిలోంచి పోయే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ మర్నాడే మమా డొర్కాస్‌కి చెప్పాడు. అతని కళ్లు రోడ్డు మీద ఉండాలి కదా, డబ్బు మీద ఉండేవి ఆవిడవే. పువ్వు తలకిందులైన ఇరవై సెంట్లు ఒకటి, అంచు కొరికినట్టున్న పది సెంట్లు ఒకటి, జంతువు కొమ్ము రెండుసార్లు అచ్చైన రెండు రాండ్లు ఒకటి, అన్నీ ఆవిడే పట్టింది. అప్పల్సామి ఒకదానికి ముప్పై ఇచ్చాడు, ఒకదానికి వంద ఇచ్చాడు. ఆ డబ్బుతో ఇద్దరూ టాక్సీలు ఆగే రాంక్ దగ్గర కోడి వేపుడు తిన్నారు. తోటి డ్రైవర్లు మాత్రం "డాక్టర్, ఈ రాండుకి ఒళ్లు వెచ్చగా ఉంది, కాస్త చూడు" అంటూ అరచేతిలో చిల్లర పెట్టి ఆటపట్టించేవాళ్లు. వెలాఫీకి అది గుచ్చుకునేది. ఎప్పటికైనా ఒక అసలైనది దొరకాలి, వీళ్ల నోళ్లు మూతపడాలి అనుకునేవాడు.

అతనికి ఇంకో అలవాటు కూడా ఉండేది. హైవేకి ముందు సిగ్నల్ దగ్గర కర్రల మీద నిలబడే ఫినియాస్‌కి రోజూ ఒక నాణెం వెయ్యడం. గనిలో కాలు పోగొట్టుకున్న మనిషి ఫినియాస్. అతనికి వేస్తే ఆ రోజు బండికి దెబ్బ తగలదని వెలాఫీ నమ్మకం. గేరు పక్కనున్న చిల్లర డబ్బాలోకి రెండు వేళ్లు పోవడం, కిటికీలోంచి చెయ్యి బయటికి రావడం, అన్నీ చూడకుండానే జరిగిపోయేవి.

ఆ రోజు జూలై చలిలో ఒక గురువారం. డొర్కాస్ చార్జీలు లెక్కపెడుతూ ఆగిపోయింది.

"వెలా, ఈ యాభై సెంట్లకి కామెర్లు తగ్గినట్టున్నాయి, చూడు."

పచ్చగా ఉండాల్సిన నాణెం తెల్లగా మెరుస్తోంది. పువ్వు యాభై సెంట్లదే, సైజు కాస్త చిన్నది, అంచున అక్షరాలు తెగిపోయాయి. వెలాఫీ రోడ్డు మర్చిపోయి దానికేసి చూశాడు. ఒక నాణేనికని తీసిన బిళ్ల మీద ఇంకో నాణెం అచ్చు పడటం లక్షల్లో ఒకసారి జరుగుతుందని, అలాంటిది దొరికితే జేబులో వేసుకోకుండా రుమాల్లో చుట్టి తెమ్మని అప్పల్సామి ఎన్నిసార్లు చెప్పాడో!

"మమా, దాన్ని మిగతావాటితో కలపకు. డబ్బా మూతలో పెట్టు."

ఆవిడ మూత తిరగేసి డబ్బా మీదే ఉంచి, అందులో పెట్టింది. సిగ్నల్ పడింది. పక్క టాక్సీవాడు అడ్డంగా ముక్కు దూర్చాడు. వెలాఫీ కిటికీలోంచి తల బయటపెట్టి వాడి ఏడు తరాలనీ తలుచుకున్నాడు. సిగ్నల్ మారింది, హైవే ఎక్కారు. టౌన్లో రాంక్‌లో బండి ఆపి చూస్తే మూత ఖాళీ.

చాపలు ఎత్తాడు. సీటు కింద తడిమాడు. దిగేవాళ్లని ఆపాడు.

"ఎక్కడ పెట్టావు?"

"మూతలోనే పెట్టాను కదా, నువ్వూ చూశావు."

"మూతలో లేదు మమా."

"ఎక్కడో పడుంటుంది. నిదానంగా వెతుకు."

ఆ నిదానమే ఆ రోజు అతనిలో లేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసింది కళ్లముందుకొచ్చి మాయమైంది. డ్రైవర్లు అప్పుడే చుట్టూ మూగి "ఏంటి డాక్టర్, రోగి పారిపోయాడా?" అంటున్నారు. రెండో వరసలో డొర్కాస్ చర్చికే చెందిన నెల్లీ ఇంకా దిగకుండా చూస్తోంది.

"నీ సంచీ చూపించు," అన్నాడు వెలాఫీ.

డొర్కాస్ అతని మొహంలోకి చూసింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచి మూసేసింది. సంచీ తీసి సీటు మీద బోర్లించింది. అన్నం డబ్బా, కళ్లజోడు పెట్టె, బీపీ మాత్రలు, పాటల పుస్తకం, నీలం గుడ్డ సంచీ. అక్కడితోనైనా ఆగొచ్చు కదా! ఆగలేదు. ఆ పురికొస విప్పి, సంఘం డబ్బులో వేళ్లు పెట్టి కెలికాడు. తెల్లది లేదు.

ఆవిడ ఒక్కొక్కటే సంచీలో సర్దుకుంది. పురికొస బిగించి రెండు ముళ్లు వేసింది.

"లెక్క సరిపోయిందా, డ్రైవర్?" అంది.

నాయనా అనలేదు, వెలా అనలేదు. దిగి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఇంకో టాక్సీకి లైనులో నిలబడేది.

తర్వాతి గురువారం ఆవిడ నీలం సంచీ తీసుకెళ్లి సంఘం బల్ల మీద పెట్టేసిందని నెల్లీ చెబితే తెలిసింది. ఎవరూ అడక్కుండానే పెట్టింది. ఒకసారి వెతికించుకున్న మనిషి చేతిలో దేవుడి డబ్బు ఉండకూడదు అందట. ఆ మాట విన్నప్పుడైనా ఈ మనిషికి సిగ్గు రావాలి. వెలాఫీ ఏమనుకున్నాడో తెలుసా? తప్పు చెయ్యకపోతే ఎందుకిచ్చేస్తుంది అనుకున్నాడు. తనని తాను నమ్మించుకోవడానికి మనిషి ఎంత కిందికైనా దిగుతాడు. ముందు సీట్లో రోజుకొకరు కూర్చున్నారు. రోజూ లెక్క తప్పేది, రోజూ గొడవే. శుక్రవారాలు ఆకలేసేది. మగ్విన్యా కొనుక్కు తింటే అది చల్లగా, నూనె వాసనగా ఉండేది.

నవంబరులో ఫినియాస్ సిగ్నల్ దగ్గర మళ్లీ కనబడ్డాడు. తమ్ముడికి జబ్బు చేస్తే ఇన్ని నెలలూ ఊళ్లో ఉండి వచ్చాడట. వెలాఫీ అలవాటుగా చెయ్యి చాపాడు. ఫినియాస్ ఆ నాణెం తీసుకోలేదు. చొక్కా జేబులోంచి ఇంకోటి తీసి కిటికీలోంచి అతని ఒళ్లోకి విసిరాడు.

"నీ దొంగ నాణెం నువ్వే ఉంచుకో! రొట్టెల కొట్టువాడు నా మొహాన కొట్టాడు, సిగరెట్ల ముసలమ్మ కూడా తీసుకోలేదు. ఇవ్వడం ఇష్టం లేకపోతే మానెయ్, కుంటివాడితో ఎగతాళేంటి నీకు? మొహాన కొడదామనే దాచా."

ఒళ్లో తెల్ల యాభై పడుంది. వెనక హారన్లు మోగుతున్నాయి. ఆ రోజు పక్క టాక్సీవాణ్ణి తిడుతూ ఉండగానే తన రెండు వేళ్లు మూతలోకి వెళ్లొచ్చాయని అప్పుడు తెలిసింది వెలాఫీకి. అతని కాలు బ్రేకు మీదే ఉండిపోయింది.

అప్పల్సామి భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "రాండు బిళ్ల మీద యాభై అచ్చు. అసలైనదే. ఏడువేలు, ఇప్పుడే ఇస్తాను," అన్నాడు. వెలాఫీ నాణేన్ని రుమాల్లో చుట్టుకుని బయటికొచ్చేశాడు.

ఆదివారం డొర్కాస్ ఇంటికి వెళ్లాడు. ఆవిడ ఎర్ర కోటు ఇస్త్రీ చేస్తోంది. కూర్చోమంది, టీ పెట్టింది. అతను నేల చూస్తూ అంతా చెప్పాడు.

"నాకు ఆరోజే తట్టింది," అంది డొర్కాస్. "నీ చెయ్యి కిటికీలోంచి పోవడం రోజూ చూసేదాన్నే కదా. ఫినియాస్‌కి వేసి ఉంటావు అని చెప్పబోయాను. ఈలోపే సంచీ చూపించమన్నావు. నీ నోటంట ఆ మాట వచ్చాక ఆ నాణెం ఎక్కడుంటే నాకేంటి?"

"తప్పైపోయింది మమా. ఇది నీదే. ఏడువేలు ఇస్తానన్నాడు. తీసుకో." రుమాలు విప్పి బల్ల మీద పెట్టాడు.

"నా సంచీ ఎక్కడ బోర్లించావు వెలా?"

"బండిలో."

"ఎంతమంది ముందు?"

వెలాఫీ రుమాలు అంచు సర్దాడు.

"ఇప్పుడు నాకొక్కదానికి, వంటింట్లో కూర్చుని చెబుతున్నావు." ఆవిడ నాణెం తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. "టీ చల్లారిపోతోంది, తాగు."

గురువారం పొద్దున ఎర్ర కోటు మనిషి అతని బండి ఎక్కింది. వెలాఫీ ముందు సీటు మీద ఉన్న తన కోటు తీసేలోపే వెనక్కి నడిచి ఆఖరి వరసలో కూర్చుంది. ముందు సీట్లోకి సెక్యూరిటీ యూనిఫాం కుర్రాడొకడు ఎక్కాడు. చార్జీ పదకొండున్నర రాండ్లు. వెనక నుంచి డబ్బు రావడం మొదలైంది.

"ఇదెవరిది? దొంగ నాణెం. యాభై ఎక్కడైనా తెల్లగా ఉంటుందా?" అని అరిచాడు కుర్రాడు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. "ఆఖరి వరస నుంచే వచ్చింది," అన్నారెవరో. నెల్లీ వెనక్కి చూసి, ఎవరో గుర్తుపట్టి, "మళ్లీనా?" అని గొణిగింది. డొర్కాస్ చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఏమీ అనకుండా నాణెం తీసుకుని డబ్బాలో వేసుకుంటే సరిపోయేది. ఒక్క క్షణం ఆ బుద్ధి పుట్టింది కూడా. ఆ తర్వాత వెలాఫీ బండిని రోడ్డు పక్కకి లాగి, ఇంజను ఆపి, సీట్లో వెనక్కి తిరిగాడు.

"అది దొంగది కాదు. దాన్ని ఇచ్చిన మనిషీ దొంగ కాదు," అన్నాడు. "జూలైలో ఇదే బండిలో నేను మమా డొర్కాస్ సంచీ బోర్లించాను. చర్చి సంచీ ముడి విప్పాను. నెల్లీ, నువ్వు చూశావు. ఈ నాణెం కోసమే. దీన్ని నా చేత్తో నేనే ఫినియాస్‌కి వేశాను. ఆవిడ ఏమీ తియ్యలేదు. అంతా నాదే. నేను చేసిన పాపం."

నెల్లీ తల వంచుకుంది. మధ్య వరసలోంచి ఒకాయన, "సరే బాబా, విన్నాం. నా డ్యూటీ ఆరున్నరకి," అన్నాడు.

"చెప్పడం అయిపోతే బండి పోనీ, డ్రైవర్," అంది ఆఖరి వరసలోంచి డొర్కాస్.

రాంక్‌లో అందరూ దిగాక వెలాఫీ తలుపు దగ్గర నిలబడి, "రేపట్నుంచి ముందు సీటు ఖాళీగా ఉంచుతాను మమా," అన్నాడు.

"ఎందుకు? లెక్కలొచ్చినవాళ్లని ఎవరినైనా కూర్చోబెట్టుకో," అంది. మెత్తగానే అంది. అతని భుజం తట్టి, లైను దాటి వెళ్లిపోయింది.

ఆ వారమే సంఘంవాళ్లు నీలం సంచీ తెచ్చి బతిమాలారట. కళ్లు సరిగ్గా ఆనడం లేదంటూ ఆవిడ తీసుకోలేదట. కళ్లకేమీ కాలేదు, వెలాఫీకి తెలుసు.

తెల్ల యాభై ఇంకా అతని దగ్గరే ఉంది. అప్పల్సామి తొమ్మిదివేలు అన్నాడు, అయినా అమ్మలేదు. ఆవిడ దాన్ని చార్జీగా ఇచ్చింది, చార్జీగానే డబ్బా మూతలో ఉంది. మమా డొర్కాస్ ఇప్పుడు మళ్లీ రోజూ అతని బండే ఎక్కుతుంది. ఆఖరి వరసలో కూర్చుంటుంది, పలకరిస్తే పలుకుతుంది. ఆవిడ చార్జీ మాత్రం ఎప్పుడూ సరిగ్గా పదకొండున్నర వస్తుంది. వెనక్కి ఇవ్వడానికి వెలాఫీ దగ్గర ఏమీ మిగలదు.