నీడన ఆరిన మట్టి

సుబేదారిలో ఒక రైతు సంఘం నడిపిన మట్టి పరీక్షల ల్యాబులో రాహేలు పదకొండేళ్లు అటెండరుగా పనిచేసింది. ఊళ్ల నుంచి సంచుల్లో వచ్చిన మట్టిని కాగితాల మీద పలచగా పరిచి, నీడన ఆరబెట్టి, చెక్క సుత్తితో నలిపి జల్లెడ పట్టడం ఆమె పని. పరీక్ష చేసేవాళ్లు మారుతూ వచ్చారు గాని, మట్టిని నలిపే చేతులు మారలేదు.

1979 శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. మట్టి ఆరడం లేదు. కొత్త కెమిస్టు భాస్కర్‌కు తొందర, ఓవెన్‌లో ఆరబెట్టమన్నాడు. రాహేలు ఎదురు చెప్పలేకపోయింది. కానీ వర్ధన్నపేట మొగిలమ్మ పంపిన రేగడిలో సగం తీసి అల్మారా మీద పరిచింది. నిరుడు మిరప ఆకుల అంచులు మాడిపోయాయని మొగిలమ్మ చెప్పుకుంది. అది పొటాష్ తక్కువైతే కనిపించే గుర్తని రాహేలుకు తెలుసు.

ఓవెన్ మట్టిలో పొటాష్ చాలినంత ఉందని తేలింది. ఇక వేయనక్కర్లేదని కాగితం టపాలో వెళ్లిపోయింది. మూడు రోజుల తర్వాత అల్మారా మీది మట్టి ఆరింది. దాన్నీ పరీక్షించమని రాహేలు అడిగింది.

“నాకే పాఠం చెప్తానవా రాహేలమ్మా?” అన్నాడు భాస్కర్, నవ్వుతూనే.

“పాఠం మీకెర్కనే సార్. ఒక్కపారి చూడుండ్రి. నా మాట తప్పయితే మళ్ల అడుగ.”

చూశాడు. పొటాష్ ముందు తేలినదాంట్లో సగమే ఉంది. అప్పుడతనికి తాను చదివింది గుర్తుకొచ్చింది. రేగడి రేణువు పొరలు పొరలుగా ఉంటుంది. పొటాష్ ఆ పొరల మధ్య ఇరుక్కుని, మెల్లమెల్లగా వేళ్లకు అందుతుంది. వేడికి పొరల అంచులు విచ్చుకుంటే లోపల దాగినది కూడా లెక్కలోకి వస్తుంది. చేలో మొక్కకు అంత అందదు. ఆ సంగతంతా రాహేలుకు విడమరిచి చెప్పి, మిగతా రైతుల దగ్గర్నుంచి మళ్లీ మట్టి తెప్పిస్తానన్నాడు.

మొగిలమ్మ మిరప నాట్లకు రెండు రోజులే ఉంది. ఉత్తరం అందదని రాహేలు మర్నాడే బస్సెక్కి వర్ధన్నపేటలో దిగింది. మొగిలమ్మ వాకిట్లో పొటాష్ మూట అప్పటికే బండి మీద ఉంది, దుకాణానికి వాపసు పోవడానికి.

“అది దించు మొగిలక్కా. కాయిదం తప్పు.”

“మొన్న ఒప్పయింది ఇయ్యాల తప్పెట్లయితది?”

“పచ్చి మట్టిని వేడి మీద పెట్టినం. పెట్టింది నేనే.”

మొగిలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తప్పు చేసినవాళ్లను చాలామందినే చూసింది గాని, అది చెప్పుకోవడానికి ముసురులో తడుస్తూ వచ్చిన మనిషిని చూడడం అదే మొదలు.

“జర అటు దిక్కు పట్టు,” అంది.

ఇద్దరూ కలిసి మూటను దించారు.