అద్దాల గదిలో ఒక్కదాన్నే

ఏటీఎం గదిలోకి అడుగుపెట్టగానే, మూసిన అద్దాల మధ్య ఉక్కపోసిన ఆ గాలి వాసనకి నా గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. వెనక నిలబడ్డవాళ్లు నాకేదో జబ్బనుకుంటారు. జబ్బూ లేదు, గిబ్బూ లేదు. రత్నం పిన్నిగారు గుర్తొస్తారు, అంతే. తొంభైల్లో రాజోలు బజారులో ఎస్టీడీ బూత్ నడిపిన మనిషి. వరసకి ఎవరికీ ఏమీ కారు గానీ ఊరందరికీ పిన్నిగారే.

పెళ్లయిన రెండు నెలలకే మా ఆయన మస్కట్ వెళ్లిపోయారు. శుక్రవారం పొద్దున్న ఆ బూత్‌కి ఫోన్ చేసేవారు. అద్దాల గదిలో మా అత్తగారు నన్ను ఆనుకుని, రిసీవరుకి చెవి ఒగ్గి నిలబడేవారు. కొడుకు మీద బెంగ, తప్పు పట్టను. కానీ ఆవిడ ముందు నేనేం మాట్లాడను? తిన్నారా, ఎండలెలా ఉన్నాయి, ఇక్కడందరం కులాసా. ఏడాదిన్నర అదే పాట. ఉత్తరం రాసినా ఆవిడ చదివాకే పోస్టులో పడేది.

అప్పుడొచ్చింది ఆయన ఉత్తరం. కంపెనీవాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారట. నేను ఒక్కసారీ రమ్మనలేదు కాబట్టి నాకూ ఇష్టమేననుకుంటున్నారట. శుక్రవారం ఫోన్ చేసి, మర్నాడు సంతకం పెట్టేస్తారట. గురువారం కూరల వంకతో బజారుకెళ్లి పిన్నిగారి ముందు ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. ఆయన కావాలా వద్దా అని మాత్రం అడిగారు. కావాలన్నాను.

"అయితే ఆ మాట నాకెందుకమ్మా? ఆయనకి చెప్పు" అన్నారు.

మర్నాడు ఫోన్ మోగింది. నా వెనకే లోపలికి రాబోతున్న అత్తగారికి పిన్నిగారు అడ్డొచ్చేశారు.

"కొత్త మిషనండి వదినగారూ. లోపల ఇద్దరుంటే లైను కట్టైపోతుందండి."

"ఆయ్, అలాగాండి" అని అత్తగారు బుద్ధిగా బల్ల మీద కూర్చున్నారు.

పచ్చి అబద్ధం! నవ్వూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తలుపు మూసి రిసీవరు అందుకున్నాను.

"నాకు మీరు కావాలండీ. వచ్చెయ్యండి."

అవతల మాట లేదు. నిజంగానే లైను కట్టయిందేమోనని ప్రాణం పోయినంత పనైంది. చివరికి, "ఇన్నాళ్లూ ఎందుకనలేదే?" అన్నారాయన. ఇంక నా నోరు ఆగితే ఒట్టు. ఏమేం చెప్పానో ఇక్కడ రాయను. అద్దంలోంచి చూస్తే పిన్నిగారు అత్తగారికి ఆవకాయ కొలతలు తెగ వివరిస్తున్నారు.

ఆయన సంతకం పెట్టలేదు. రెండు నెలల్లో వచ్చేశారు.

పిన్నిగారు పోయి చాలాకాలమైంది. ఇప్పటి ఆడపిల్లలు బస్సులో కూర్చునే మొగుడి మొహం చూస్తూ మాట్లాడేస్తుంటే నాకు భలే ముచ్చటేస్తుంది. అయినా ఎంత గొప్ప ఫోనొచ్చినా, కావాలన్న మాట మనమే అనాలి. నేను అనడం మానలేదు. ఆయన పక్కనే కూర్చునున్నా సరే, కావాలనిపిస్తే కావాలంటాను. ఈ వయసులో ఇదేం గోలని ఆయన సిగ్గుపడిపోతారు. పేపరు మాత్రం మడిచి పక్కన పెట్టేస్తారు.