ఎక్కడి సామాను అక్కడే

మా అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒక కొత్త కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు వాడి వదిలేసిన మెమరీని చెత్తలా ఏరిపారేసే ప్రోగ్రాము రాయడం ఆమె పని. చెత్త తీశాక మెమరీలో మిగిలిన సరుకును ఒక పక్కకు జరిపితే చోటు కలిసొస్తుందని తోటివాళ్లు పట్టుబట్టారు. అక్క కూడా సరేనంది.

ఆ ఆదివారం అక్క సామానంతా ఒక పక్కకు జరిపి నాన్న గది సర్దింది. నాన్నకు చూపు పోయి చాలాకాలమైంది. మంచినీళ్ల చెంబు కోసం ఎప్పటి చోటనే చెయ్యి పెట్టాడు. కత్తెర మొన గుచ్చుకుంది.

"నన్ను పిలవచ్చుగా నాన్నా," అంది అక్క, కట్టు కడుతూ.

"జరిపావని నాకెవరు చెప్పారమ్మా?"

మర్నాడు మీటింగులో అక్క అడ్డం తిరిగింది.

"మనం వాడే పాత ప్రోగ్రాము లైబ్రరీలన్నీ సీ భాషలో రాసినవి. వాటికి ఒకసారి సరుకున్న చోటు అడ్రసు ఇచ్చామంటే మళ్లీ మనల్ని అడగవు, నేరుగా అక్కడే చెయ్యి పెడతాయి. చెత్త తీద్దాం. సామాను మాత్రం జరపొద్దు."

"మధ్యలో ఖాళీలు మిగిలిపోతాయి కదా మేడమ్."

"మిగలనీ. ఖాళీ ఎవరి చెయ్యీ కొయ్యదు."

సాయంత్రం నాన్న చెయ్యి చాపి, తడుముకోకుండా చెంబు అందుకున్నాడు.

"ఇవాళ గది ఊడవలేదా అమ్మా?"

"ఊడ్చాను నాన్నా," అంది అక్క.