ఎదుటి లాయరు రాకముందే గెలిచేసిన కేసు

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న ఆ రోజుల్లో, ఎదుటి లాయరంటే నా లెక్కలో శత్రువే. విశాఖలో పెరిగి పలాసలో జూనియర్‌గా చేరిన నాకు చేతిలో ఫోను, ముక్కు మీద కోపం ఎప్పుడూ ఉండేవి. (రెండూ ఇప్పటికీ ఉన్నాయి, ఛార్జింగే తగ్గింది.) మా క్లయింటు ఉద్దానం ముసలమ్మ. ఆమె జీడితోటకి వెళ్లే దారికి పక్క రైతు అడ్డంగా కంచె వేశాడు. లోపల జీడిపిక్కలు రాలిపోతున్నాయి, ఏరుకోడానికి వెళ్లే దారి లేదు. ఎదుటి లాయరు ఒక పెద్దాయన, నేను పెట్టుకున్న పేరు ‘నిదానం గారు’. అప్పటికే రెండు వాయిదాలు అడిగారు. ఆ రోజు కేసు పిలిచేసరికి ఆయన లేరు. అలాంటప్పుడు ఇవతలి లాయరే లేచి, ‘దారిలో ఉన్నారండీ, కాసేపాగి పిలవండి’ అనడం అక్కడి ఆనవాయితీ. అది తెలిసి కూడా నేను లేచి, ఎదుటివాళ్లు లేకుండానే కేసు నడపమని అడిగాను. జడ్జిగారు కళ్లజోడు పైనుంచి ఓసారి చూసి, సరేనని రాసుకున్నారు. వరండాలోకొచ్చి ‘ఫస్ట్ విన్’ అని స్టేటస్ పెట్టాను.

“గెలిసేసినామేటమ్మా? అయితే రేపు తోటకెల్లిపోనా?” అంది ముసలమ్మ. ఇంకా సాక్ష్యాలు, తీర్పు ఉన్నాయని, వానల నాటికి తేలొచ్చని చెప్పాను.

“అప్పటికి పిక్కలేటుంతాయి, మొలకలుంతాయి గానీ,” అంటూ మెట్టు మీద కూలబడింది.

అంతలో నిదానం గారు పంచరైన స్కూటరు తోసుకుంటూ వచ్చారు, వెనకే ఆ పక్క రైతు. కంచె తీసేస్తానని సంతకం పెట్టిన రాజీ కాగితం అతని చేతిలో ఉంది. వాయిదాలు రెండూ అతన్ని ఒప్పించడానికేనట. జరిగింది వినగానే రైతు, రాజీ లేదు ఏటి లేదు అని వెనక్కి తిరిగాడు. నిదానం గారు అతని భుజం పట్టి ఆపి, నా వైపు చూశారు.

“నీ కోపం నా మీద పడితే పర్లేదమ్మా. ఈ ముసలమ్మ మీద పడకుండా సూసుకోవాల. పద, ఇద్దరం ఎల్లి సెప్పుదుం.”

మధ్యాహ్నం జడ్జిగారి ముందు ఆయన పక్కనే నిలబడి, పొద్దున నేను తొందరపడ్డానని నా నోటితోనే చెప్పాను. పొద్దుటి ఉత్తర్వు రద్దయింది, రైతూ మెత్తబడ్డాడు, రాజీ నిలిచింది. స్టేటస్ తీసేశాను (అప్పటికే మా పిన్ని కేకు బొమ్మలు పంపేసింది).

వారం తిరక్కుండా ముసలమ్మ నన్ను తోటకి తీసుకెళ్లింది. కంచె రాళ్లు పీకిన గుంతలింకా పూడలేదు. సముద్రపు గాలికి జీడిపళ్ల వాసన మత్తుగా, సగం నిద్రలో ఉన్నట్టుగా తేలుతోంది. ఆమె ఇచ్చిన పండు కొరికితే రసం కారి తెల్ల చొక్కా మీద పడింది. ఆ మరక ఏ సబ్బుకీ పోలేదు. బీరువాలో ఆ చొక్కా కనబడినప్పుడల్లా, కోర్టులో అంత ఆవేశంగా లేచి నిలబడ్డ ఆ పిల్లని చెయ్యి పట్టుకుని, కాసేపు కూర్చోవే అనాలనిపిస్తుంది.