ఒరిగిన చూరు, జాజు గీత

దసరాకు ముందు మా ఊళ్లో ఇళ్లకు సున్నం వేసి, గోడల అడుగున మోకాలెత్తు వరకు జాజు, అంటే ఎర్రమట్టి రంగు, పూసేవారు. ఎరుపూ తెలుపూ కలిసే గీతలోనే ఇంటి అందమంతా ఉండేది. దారాన్ని జాజు నీళ్లలో ముంచి, ఇద్దరు చెరో కొస బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద గీత పడేది.

మా ఇంట్లో అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. అవ్వ కొట్టిన గీత ఎప్పుడూ తప్పలేదు. అయినా ఒక ఏడు దూలం కుంగి, చూరు ఎడమవైపు దిగింది; కింద గీత సమంగా ఉండేసరికి ఆ వాలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడి, ఎదురింటి అత్త నవ్వింది.

"ఏం వదినె, మీ ఇల్లు కల్లు తాగినట్టు గట్ల ఒరిగిందేంది?"

ఆ మాట అవ్వను ఏడాదంతా గుచ్చింది.

నా చదువు అయిదో తరగతితో ఆగింది. కానీ వారం వారం సంత జరిగే అంగడి రోజున వేములవాడ గ్రంథాలయానికి నడిచి వెళ్లేవాణ్ణి. గుళ్ల కట్టడం గురించిన పుస్తకం ఒకటి అక్కడ దొరికింది. కొలతకు సరిగా ఉన్నదల్లా కంటికి సరిగా కనబడదనీ, అందుకే పాత శిల్పులు కొన్ని గీతలను కావాలనే కాస్త వంచేవారనీ అందులో చదివి పొంగిపోయాను. ఈసారి దారం ఎడమ కొసను నాలుగు వేళ్లు దించుదామన్నాను. చూరు దిగినదానిలో అది సగం.

"కావాల్నని వంకర గొడ్తవారా?" అంది అవ్వ.

"గోడ ఖరాబైతే నీ లైబ్రరీ బంద్" అన్నాడు బాపు. "అంగడి నాడు గూడ నాతోని చేనుకే రావాలె."

"సరే బాపూ. గని ఒక్కసారి కొట్టనియ్యి."

అవ్వ తటపటాయిస్తూనే కొస దించింది. దగ్గర నుంచి చూస్తే గీత ఘోరమైన వంకర.

"అయిపాయె, ఇగ కలుపు తీసుడే" అని బాపు నవ్వాడు.

అవ్వ మాత్రం గీత కిందంతా జాజు నింపింది. ముగ్గురం బాట దాటి అవతల నిలబడి చూశాం. చూరు వాలును గీత పంచుకుంది. ఇల్లు నిటారుగా నిలబడింది!

మా మాటల చప్పుడు విని ఎదురింటి అత్త బయటికి వచ్చింది. అటోసారి, ఇటోసారి మెడ వంచి చూసింది.

"దూలం ఎప్పుడు మార్చిండ్రు వదినె? మాకు జర ఎరుక గూడ కాలే!"

"మొన్ననే" అంది అవ్వ, నవ్వు దాచడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

బాపు గొంతు సవరించుకున్నాడు.

"అంగడి నాడు పోతవు గద. గొడ్ల కొట్టం కూలకుండ జేసే బుక్కేమన్న ఉందేమో, అది గూడ అడుగు."