ఓవెన్‌లో కాలిన కట్ట

మా పిన్నికి చిన్న బేకరీ ఉంది. పెద్ద ఓవెన్ కొనాలని ఏళ్ళ తరబడి కడుపు కట్టుకుని కూడబెట్టిన డబ్బును, మూలన పడి ఉన్న పాత ఓవెన్‌లో దాచింది. బాబాయికి చెప్పలేదు. ఆయన చేతిలో డబ్బు నిలవదు. ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే చాలు, జేబు దులిపి ఇచ్చేస్తాడు.

అలాంటి మహానుభావుడికి ఉన్నట్టుండి పెళ్ళాం మీద జాలి పుట్టుకొచ్చింది. పిన్ని సరుకులకు వెళ్ళిన సమయం చూసి, మెకానిక్‌ను పిలిపించి ఆ పాత ఓవెన్ బాగుచేయించాడు. వెనక రేకు కింద ఉన్న కట్ట ఎవరి కంటా పడలేదు. పిన్ని వచ్చేసరికి ఓవెన్ భగభగా మండుతోంది, ఈయన మురిసిపోతున్నాడు. పిన్ని సంచులు గుమ్మంలోనే పడేసి, ఓవెన్ ఆర్పి వెనక రేకు విప్పింది. నోట్ల కట్ట నల్లగా మాడి ఉంది.

కాలిన నోట్లకు కూడా రిజర్వు బ్యాంకులో బదులు ఇస్తారనీ, పొడి అయిపోతే మాత్రం ఆశ వదులుకోవాల్సిందేననీ నేను ఎక్కడో విన్నాను. అంతే, కట్టను కేకు డబ్బాలో దూది పరిచి పెట్టాం. బాబాయి డబ్బా అందుకున్నాడు.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా బాబాయి కూర్చోలేదు. కుదుపు వచ్చినప్పుడల్లా మోకాళ్ళు వంచి డబ్బాను కదలనివ్వలేదు.

"ఎవరిదండీ పుట్టినరోజు?" అని పక్కనావిడ అడిగింది.

"ఇంకా తెలీదమ్మా, కౌంటర్ దగ్గర తేలుతుంది" అన్నాడు.

బ్యాంకులో ఆఫీసరు ముందుగా ఫ్యాను కట్టేయించింది. సన్నటి రేకుతో ఒక్కో నోటూ విడదీస్తుంటే మేం ఊపిరి బిగబట్టాం. సరిగ్గా అప్పుడే బాబాయికి తుమ్ము రాబోయింది. ముక్కు పట్టుకుని వీధిలోకి ఒకటే పరుగు. అక్కడ తుమ్మిన తుమ్ము లోపలికి వినబడింది. పిన్నికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి.

"పైవీ కిందవీ పోయాయమ్మా. మధ్యలోవన్నీ చెల్లుతాయి" అంది ఆఫీసరు. నాకు గంతులేయాలనిపించింది.

కొత్త నోట్లు చేతికి రాగానే పిన్ని సంచీ తెరిచింది. ఏమనుకుందో, మళ్ళీ మూసేసి, అప్పుడే వగరుస్తూ లోపలికి వచ్చిన బాబాయి చేతిలో కట్ట పెట్టింది.

"నాకెందుకే?" అన్నాడు ఆయన బెదిరిపోయి.

"ముట్టుకుంటే రాలిపోయేదాన్నే ఇంతదూరం తెచ్చారు" అంది పిన్ని. "దీన్ని ఇంటికి తీసుకురాలేరా?"