అక్క ఇచ్చిన నూనె

సొరియాసిస్ ఉన్నవాళ్ళకి సలహా ఇవ్వడానికి చదువు అక్కర్లేదు, బస్సులో పక్క సీటు దొరికితే చాలు. రాజోలు నుంచి నేను పనిచేసే బడికి వెళ్ళే దారిలో నన్ను వంకాయ మానెయ్యమన్నారు, చేపలు మానెయ్యమన్నారు, వేపాకు నీళ్ళు పోసుకోమన్నారు, పరగడుపున కాకరరసం తాగమన్నారు. అన్నీ చేశాను. గోదావరి పాయల మధ్య పుట్టి చేపలు మానడమంటే మాటలు కాదు. వేపాకు నీళ్ళకి ఒళ్ళు ఇంకా పొడిబారింది, కాకరరసానికి నోరు చేదెక్కింది, మోచేతుల మీద ఎర్రటి మచ్చలూ వాటి మీది తెల్లటి పొట్టూ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే పిల్లలు చూస్తారని మండుటెండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్లే తొడుక్కునేదాన్ని.

మొదట్లో ఒక డాక్టరు ట్యూబు రాసిచ్చారు. అందులో స్టీరాయిడ్ ఉంటుందనీ, చర్మం పాడవుతుందనీ ఎవరో అంటే హడలిపోయి పక్కన పడేశాను. ఆ భయం గురించి ఒక్క మనిషికే చెప్పుకున్నాను, మా అక్కకి. అమ్మ పోయాక నాకు జడలు వేసి, అన్నం కలిపి పెట్టి పెంచింది అక్కే. ఇప్పటికీ మా ఇంటికి రెండు సందుల అవతలే ఉంటుంది.

"ఇంగ్లీషు మందు వద్దంటే మానెయ్యవే. పాలకొడిశాకు కొబ్బరినూనెలో వేసి ఎండలో పెడతాను. పత్యం లేదు, పాడూ లేదు" అంది.

వాళ్ళ డాబా మీద వారం రోజులు ఎండలో ఉన్న ఆ నూనె ఊదారంగుకి తిరిగింది. రాసుకున్న పదిరోజులకే పొట్టు రాలిపోయింది. నెల తిరిగేసరికి ఆ మోచేతులు నావేనంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. పొట్టి చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను. చేపల పులుసు రెండు పూటలా తిన్నాను.

అంతటితో ఊరుకున్నానా! గురువారం చర్చిలో స్త్రీల కూడికలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. "దేవుడు మా అక్క చేతుల్లో స్వస్థత పెట్టేరండి" అని, అందరికీ మోచేతులు తిప్పి తిప్పి చూపించాను. పక్కనే కూర్చున్న అక్క తల వంచుకుని కళ్ళు తుడుచుకుంది. అది చూసి నేనూ ఏడ్చాను, వెర్రిమొహాన్ని.

ఆరోజు నుంచి అక్క అందరికీ 'నూనె అమ్మగారు' అయిపోయింది. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మేమందరం చాపల మీద కూర్చుంటే, తనకి మాత్రం కుర్చీ వెయ్యడం మొదలుపెట్టారు.

కొన్ని నెలలకి అక్క తన కూతురి పురుటికని హైదరాబాదు వెళ్ళింది. నాకిచ్చిన నూనె అయిపోయింది. రెండు వారాల్లో జబ్బు తిరగబెట్టింది, ఈసారి మోచేతులతో ఆగకుండా వీపూ కాళ్ళూ అంతా పాకింది. దురదకి నిద్ర లేదు, చీర తగిలితే మంట. సిగ్గు పక్కనబెట్టి అమలాపురం వెళ్ళి చర్మం డాక్టరుగారికి చూపించుకున్నాను.

"ఏం రాస్తున్నారండీ?" అని అడిగారావిడ.

"ఆకు నూనె అండి. మా అక్క చేసిస్తుంది."

ఆవిడ నా మోచేతి మడత కింద వేలు పెట్టి చూపించారు. చర్మం పల్చబడి నరాలు కనిపిస్తున్నాయి, ఎర్రటి చారలు పడ్డాయి. "ఆకు ఇలా చెయ్యదండి. గట్టి స్టీరాయిడ్ ఏదో నెలల తరబడి రాసేరు. ఒక్కసారిగా ఆపేస్తే ఇలాగే విరుచుకుపడుతుంది."

మా అక్క అలాంటిది కాదని ఆవిడతో పోట్లాడాను కూడా.

ఇప్పుడు నేను చేసేదల్లా ఆవిడ చెప్పినదే. గోరువెచ్చటి నీళ్ళతో గబగబా స్నానం, తడి ఆరకముందే వాసన లేని క్రీము, నూలు బట్టలు, పొట్టు గిల్లకుండా గోళ్ళు కత్తిరించుకోవడం, వేళకి నిద్ర, వారానికి రెండుసార్లు అమలాపురం ఆస్పత్రిలో మచ్చలకి పట్టించే లైటు కింద నిలబడటం. తగ్గుతుంది, పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది. ఇందులో లేచి సాక్ష్యం చెప్పేంత విశేషమేమీ లేదు.

అక్క తిరిగొచ్చిన రోజే వెళ్ళి అడిగాను. దాచలేదు.

"కలిపేను. అయితే ఏంటంట? ట్యూబంటే నువ్వు పారిపోతావు. నీ అవస్థ చూడలేక కలిపేను. తగ్గిందా లేదా?"

"అందరి ముందూ నేను సాక్ష్యం చెబుతుంటే పక్కనే కూర్చున్నావు కదే!"

"మధ్యలో లేచి ఆపమంటావా?"

ఒళ్ళు మండిపోయింది. ఇంకెవరైనా అయితే అంత మండేది కాదు. నమ్మించి గొంతు కోసింది, అదీ ప్రేమతో కోశానంటోంది. నా ఒంటికి జరిగినదైతే ఎలాగో మింగేద్దును. కానీ మా సందు చివరి చంటిపిల్లకి మెడ మడతల్లో ఎర్రగా పొక్కిందని, వాళ్ళమ్మ రోజుకి రెండుసార్లు ఈ నూనే రాస్తోంది. మూడు నెలల పిల్ల. నా సాక్ష్యం విని అడిగి పట్టుకెళ్ళిన తల్లి.

"ఇంకెవరికీ ఇవ్వనులే. నువ్వు మాత్రం ఎక్కడా చెప్పకు, నా పరువు పోతుంది" అని అక్క నా చేతిలో చెయ్యి వేసింది. నమ్మాను. రెండోసారి!

ఆ గురువారమే కూడికలో, ఆ తల్లి వచ్చి బిడ్డని నా పక్కన చాప మీద పడుకోబెట్టింది. కుర్చీలో కూర్చున్న అక్క సంచీలోంచి కొత్త సీసా తీసి ఆమెకి అందించింది.

లేచాను. "ఆ నూనెలో స్టీరాయిడ్ ట్యూబుల మందు కలుస్తోందండి. నేను చెప్పిన సాక్ష్యం తప్పండి. పసిపిల్లకి రాయకండి, డాక్టరుకి చూపించండి" అని, చీర చెంగు తొలగించి వీపు చూపించాను.

అందరూ అక్క వైపు చూశారు. అక్క నెమ్మదిగా లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు జడలు వేసిన చెయ్యి.

"మళ్ళీ తిరగబెట్టింది కదండీ పాపం. నిద్దర లేక, ఆ బాధలో ఏదేదో మాట్లాడేస్తుందండి. మా చెల్లి కోసం అందరూ ప్రార్థన చెయ్యండి."

"ఆయ్, చేద్దామండి" అన్నారెవరో. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, అందుకే చూశాను. ఆ పిల్ల తల్లి కళ్ళు తెరిచి, నా వీపు వైపు ఒకసారి చూసి, నా పక్కనున్న బిడ్డని గబుక్కున ఎత్తుకుంది. ప్రార్థన అయి అక్క కుర్చీలో కూర్చున్నాక, బిడ్డని తీసుకెళ్ళి అక్క ఒళ్ళో పెట్టింది.